‘మ’ అని రాసిన చోట

అమెరికాలో సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో మనవాళ్ళ ఇళ్ళలో వ్రతమో సీమంతమో జరిగి, భోజనాలయ్యాక ఒక మూల దుప్పటి పరిచి వీణ పెట్టారంటే వాయించేది కృష్ణకుమారి అక్కే. వినేవాళ్ళెందరన్నది వేరే సంగతి. మగవాళ్ళు గ్రీన్ కార్డ్ డేట్ల గురించీ, ఆడవాళ్ళు పిల్లల కాలేజీల గురించీ మాట్లాడుకుంటూనే ఉంటారు, ఆవిడ వాయిస్తూనే ఉంటుంది. పోయిన ఏడాది ఒక ఇంట్లో నాకు ఒళ్ళు మండి, అందరికీ వినపడేలా ‘ష్’ అన్నాను. వెళ్ళేటప్పుడు ఆవిడే నన్ను పక్కకి పిలిచి, ఇంకెప్పుడూ అలా చేయొద్దనీ, నలుగురి చప్పుడుంటేనే తనకి ధైర్యంగా ఉంటుందనీ చెప్పింది. ఇదేం విడ్డూరం అనుకున్నాను.

ఆవిడది రాజమండ్రి, నాది వరంగల్. అక్కడైతే ఒకరికొకరం తారసపడే వాళ్ళమే కాదు. ఇక్కడ రెండిళ్ళకీ మధ్య ఒక కంచె, అందులో ఒక ఊడిన పలక ఉన్నాయి కాబట్టి పాలూ పెరుగు తోడూ ఇచ్చిపుచ్చుకుంటూ అక్కాచెల్లెళ్ళమయ్యాం. ఆవిడ ఒక బయోటెక్ ల్యాబ్‌లో మందు సీసాల్లో క్రిములున్నాయా లేవా అని చూసే ఉద్యోగం చేస్తుంది. ఏ సీసాలోనూ క్రిమి లేకపోయినా ఉందేమోనని భయపడటం అక్కడ పని, ఇంట్లో అలవాటు. స్టవ్ ఆపానా అని గుడి దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చిన మనిషి. పెళ్ళయి వచ్చేటప్పుడు వీణని చెక్కపెట్టెలో పెట్టి, పాత చీరలు కుక్కి విమానం ఎక్కించిందట. దిగి, పెట్టె మూత తీసి, కుండ పగలలేదని చూసుకునేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని వాళ్ళాయన సత్యం గారు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. ఇంత పిరికి మనిషి వీణ ఒళ్ళో పెట్టుకుంటే మాత్రం వేరే మనిషి. వేళ్ళు ఎక్కడికి పోవాలో వాటికి తెలుసు, ఈవిడని అడగవు.

ఆవిడ కుడి చెవి పోయిన సంగతి ముందు తెలిసింది నాకే. ఒకరోజు పొద్దున రాజమండ్రి నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే కుడి చెవికి పెట్టుకుందట. ఏమీ వినపడలేదు. ఫోన్ పాడైందనుకుని కట్ చేసింది. తర్వాత జలుబనుకుంది. నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి పోసుకుంది. అలా వారాలు గడిచాక, ఆ చెవిలో ఏదో ఆగకుండా మోగుతోందంటూ నా దగ్గరికి వచ్చింది. నేను ఫార్మసీలో పనిచేస్తాను కాబట్టి నాకు వైద్యం వచ్చని ఆవిడ భ్రమ. నేను వినగానే కారెక్కించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. ఇది నరానికి సంబంధించినది, మొదటి రోజుల్లో వచ్చి ఉంటే మందులు పనిచేసేవేమో, ఇప్పుడు కష్టం. చెవిలో ఆ మోత అలా ఉండిపోవచ్చు. ఎడమ చెవి సంగతేమిటని అక్క అడిగింది. ఏమీ కాకపోవచ్చు, కానీ మాట ఇవ్వలేనంది డాక్టరమ్మ.

ఆ ‘మాట ఇవ్వలేను’ అన్నది పట్టుకుని ఆవిడ బతుకుతోంది. బయటికొచ్చి కారులో కూర్చున్నాక నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. సత్యం గారికి చెప్పకూడదు, కూతురు మైత్రికి అసలే చెప్పకూడదు.

“ఎందుకు చెప్తలేవక్కా? చెప్తే ఏమైతది?” అన్నాను.

“నోటితో అన్నానంటే రెండోది కూడా పోతుందే రేణూ. నాకు అలాగే అనిపిస్తోంది.”

చదువుకున్న మనిషి అనే మాటా అది? నాకు కోపం వచ్చింది. కానీ ఆవిడ ముఖం చూసి మాట మార్చాను. చెవిలో మోత ఎలా ఉంటుంది, కుక్కర్ విజిల్ లాగానా అని అడిగాను. కాదంది. మరెలా అంటే చెప్పలేదు.

అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా ఉండేది. పార్టీల్లో ఎప్పుడూ కుడి భుజం గోడకి ఆనించి కూర్చునేది. పిల్లలకి వీణ చెప్పేటప్పుడు అందరినీ ఎడమవైపే కూర్చోబెట్టేది. ఎక్కడికి వెళ్ళాలన్నా నన్నే డ్రైవ్ చేయమనేది. ఈ దేశంలో స్టీరింగ్ ఎడమవైపు కదా, నేను నడిపితే ఆవిడ బాగున్న చెవి నావైపు ఉంటుంది. ఆవిడే నడిపితే పక్కన కూర్చున్నవాళ్ళు గొంతు చించుకున్నా చెవిన పడదు. సత్యం గారేమో కుమారికి ఈమధ్య బద్ధకం పెరిగిందనేవారు. నేను పళ్ళ బిగువున ఊరుకునేదాన్ని. ఒకసారి మా ఆయన మీద విసుక్కుంటూ, ఈయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అనేశాను. అక్క వింది. వినపడినందుకు సంతోషించినట్టుగా చిన్నగా నవ్వింది. నాలుక కరుచుకున్నాను.

డ్రైవింగ్ తప్పని రోజు వారంలో ఒకటుండేది. మైత్రి సియాటిల్‌లో యూనివర్సిటీలో సంగీత రచన చదువుతోంది. కంప్యూటర్స్ చదవమని తండ్రి పట్టుబడితే, ఎన్నడూ నోరెత్తని తల్లి ఆ ఒక్కసారి ఎదురు తిరిగి కూతురిని సంగీతానికి పంపింది. హాస్టల్ నుంచి ప్రతి శుక్రవారం తల్లే వెళ్ళి తీసుకొస్తుంది. మైత్రికి లైసెన్సు ఉంది కానీ డ్రైవింగ్ అంటే గిట్టదు. పక్క సీట్లో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని కబుర్లు చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒకరోజు కంచె దగ్గరికి వచ్చి నన్ను అడిగింది.

“ఆంటీ, అమ్మకి నా మీద కోపమా? కార్‌లో నేను ఏం చెప్పినా మాట్లాడదు. రోడ్ చూస్తుంది, అంతే. మ్యూజిక్ తీసుకున్నాను అని ఇప్పుడు రిగ్రెట్ అవుతుందా?”

అలాంటిదేమీ లేదమ్మా, ట్రాఫిక్ అంటే భయం కదా మీ అమ్మకి అని ఏదో చెప్పాను. మింగలేక కక్కలేక అంటారే, అది నేను.

అప్పుడొచ్చింది ఈ జపాన్ సంగీతం. మైత్రికి పాఠం చెప్పే సెత్సుకో గారు ముసలావిడ, జపాన్‌లో పుట్టి చాలాకాలంగా ఇక్కడే ఉంటున్న కంపోజర్. మా దగ్గరి కమ్యూనిటీ ఆర్కెస్ట్రా కోసం ఒక కొత్త రచన చేస్తూ, మైత్రి ఫోన్‌లో ఉన్న వాళ్ళమ్మ వీణ విని, అందులో వీణ పెడతానంది. వీణ, షాకుహాచి, వెనక వయొలిన్లూ, పెద్ద వయొలిన్ల లాంటి చెలోలూ. షాకుహాచి అంటే వెదురు వేణువే, కాకపోతే నిలువుగా పట్టుకుని ఊదుతారు. మైత్రి ఎగిరి గంతేసి తల్లిని అడిగింది. కాదంటే ఎందుకో చెప్పాలి. అందుకని అక్క సరేనంది.

మైత్రి మాకు వినమని రికార్డింగులు పంపింది. తాకెమిట్సు అని ఒకాయన, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాదాపు గురువు లేకుండానే నేర్చుకున్నాడట. మొదట్లో తన దేశపు సంగీతమంటేనే గిట్టేది కాదట. తర్వాత ఆ పాత వాద్యాలనే తెచ్చి పాశ్చాత్య ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చోబెట్టాడు. హొసొకావా అని ఇంకొకాయన, స్వరాన్ని కుంచెతో గీసిన గీతలా చూస్తాడట. చుట్టూ ఉన్న ఖాళీ కాగితం కూడా బొమ్మలో భాగమేనట. ఇవన్నీ మైత్రి చెప్పినవే, నేనేమీ పండితురాలిని కాను. నా వ్యాన్‌లో పెట్టుకుని విన్నాం. ఒక స్వరం వచ్చేది, వణికేది, ఆరిపోయేది. తర్వాత ఏమీ ఉండేది కాదు. బ్లూటూత్ తెగిపోయిందని నేను ఫోన్ వెతుక్కునేదాన్ని. ఇంతలో ఎక్కడో దూరంగా ఇంకో స్వరం మొదలయ్యేది. మొదట నాకు చిరాకేసింది. రాను రాను, ఆ ఖాళీల్లో వాన నీళ్ళు వైపర్ కింద జారడం కూడా వినపడి, ఇదేదో బాగానే ఉందే అనిపించింది. అక్కని చూస్తే, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా సీటు బెల్టు పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చునేది.

నొటేషన్ వచ్చింది. అక్కకి ఇంగ్లీషు నొటేషన్ చదవడం రాదు. మైత్రి పక్కన కూర్చుని వీణ వాయించే భాగమంతా సరిగమల్లో రాయించింది. అయితే అక్కడక్కడ వీణ గీతల పైన సెత్సుకో గారు పెన్సిల్‌తో, ఇంగ్లీషు అక్షరాల్లో ‘మ’ అని రాసిపెట్టింది. మైత్రి హాస్టల్‌కి వెళ్ళిపోయాక అక్క వాటిని చూసింది. పాపం పెద్దావిడ, నేను కర్ణాటక సంగీతం మనిషినని స్వరం పేరు రాసింది అని మురిసిపోయింది. ‘మ’లు రెండున్నాయి, శుద్ధ మధ్యమమా ప్రతి మధ్యమమా అన్నది రాయలేదు. అక్క తనే శుద్ధ మధ్యమం అని తేల్చుకుని, తన కాగితంలో ప్రతి చోటా ‘మ’ రాసుకుంది. నన్ను అడిగి ఉంటే నేనూ అదే అనేదాన్ని. మన వాళ్ళెవరిని అడిగినా అదే అంటారు.

రిహార్సల్ ఒక చర్చి హాల్లో. వీణ వేదిక మధ్యలో చిన్న అరుగు మీద. షాకుహాచి వాయించే డేల్ అనే రిటైర్డ్ పెద్దమనిషి వెనక, కుడివైపు. ఒకరినొకరు చూసుకోకూడదు, వినాలి, అందుకే అలా పెట్టానంది సెత్సుకో గారు. ముందు నిలబడిన కండక్టర్ చెయ్యి ఊపగానే మొదలైంది. బాగానే సాగింది. చెలోలు సన్నగా తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. వేణువు ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నడిమధ్యలో మా అక్క వీణ మీద నిండుగా ‘మ’ మీటింది.

అందరూ తలలు తిప్పి చూశారు. సెత్సుకో గారు చేయెత్తి, దగ్గరికి వచ్చి, ఆ కాగితం చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. జపాన్ భాషలో ‘మ’ అంటే స్వరం కాదట. రెండు శబ్దాల మధ్య ఉండే ఎడం. ఖాళీ. అక్కడ ఏమీ వాయించకూడదు. ఎంతసేపన్నది లెక్క లేదు. డేల్ ఊపిరి లోపలికి తీసుకుంటాడు, అది వినపడగానే వీణ ‘స’, అంటే షడ్జం, మీటాలి, ఆ షడ్జం మీద వేణువు అందుకుంటుంది. ఈ రచనకంతటికీ ప్రాణం ఆ ఊపిరి దగ్గరే ఉందని చెప్పింది. అందరూ నవ్వారు, ఎగతాళిగా కాదు. నేనూ నవ్వాను. అక్క కూడా నవ్వింది కానీ ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వ్యాన్ ఎక్కాక చెప్పింది.

“తాళం లేదు, లెక్క లేదు, డేల్ నా పాడు చెవి వెనక. మిగతా చోట్ల కండక్టర్ చెయ్యి చూసి లాగించేస్తాను. అక్కడ ఆయన కూడా చెయ్యి కట్టేసుకుంటాడట. ఎలాగే?”

“డేల్‌ని ఇటు పక్క కూర్చోమని చెప్పక్కా. చిన్న పని.”

“ఎందుకని అడిగితే?”

మైత్రి గురువు, మైత్రి క్లాసు, మైత్రి మార్కులు. అంతా అక్కడే. తల్లి చెవిటిదని సభలో తెలియడం ఒక భయం. నోటితో ఒప్పుకుంటే రెండో చెవి పోతుందన్నది ఇంకో భయం. ఈ రెండింటి మధ్య ఆవిడ వారాల తరబడి అన్నం సరిగ్గా తినలేదు. ఆవిడ భయం అంటుజాడ్యంలా నాకూ పట్టుకుంది. ఫార్మసీలో మందులిస్తూ ఎవరైనా ఊపిరి గట్టిగా పీల్చితే ఉలిక్కిపడేదాన్ని.

చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. ముందు వరసలో కూర్చుంటాను. డేల్ ఊపిరి వినపడగానే నా ఎర్ర శాలువా భుజం మీదికి లాక్కుంటాను. అది చూసి మీటేయి. చర్చి హాల్లో ప్రతి రిహార్సల్‌కీ వెళ్ళి అలాగే చేశాం. ఒక్కసారీ తప్పలేదు. సెత్సుకో గారు అక్క చేతులు పట్టుకుని, మీరు ఎంత బాగా వింటారు అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం, ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. నేను శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాను. నా వెనక సత్యం గారు, మైత్రి, ఆ పక్కన సెత్సుకో గారు. తెర తీశారు. వేదిక మీద లైట్లు వెలిగాయి, హాల్లో లైట్లు ఆరిపోయాయి. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. చర్చి హాల్లో పగటి వెలుతురు. ఇక్కడ అంత వెలుగులో కూర్చున్న మనిషికి చీకట్లో ఉన్న నేను కనపడను. ఎర్ర శాలువా కాదు, నాకు నేను నిప్పంటించుకుంటే తప్ప కనపడను. లేచి వెళ్ళడానికి లేదు.

అక్క నా వైపు చూసింది. చూసి, కళ్ళు చిట్లించింది. మళ్ళీ చూసింది. ఆవిడకీ తెలిసిపోయింది.

సంగీతం ఎలా సాగిందో నేను వినలేదు. చెలోలు తగ్గుతుంటే శాలువా అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆగాయి. వేణువు ఆగింది. కండక్టర్ చేతులు కట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దం వచ్చి కూర్చుంది. డేల్ ఊపిరి తీసుకున్నాడు. స్పష్టంగా విన్నాను. శాలువా లాగాను, లాగుతూనే ఉన్నాను. అక్క కదలలేదు. డేల్ ఊపిరి వదిలేశాడు. కాసేపాగి మళ్ళీ తీసుకున్నాడు, ఈసారి ఇంకా గట్టిగా. అక్క వీణ మీద చేయి పెట్టి బొమ్మలా ఉంది. ఒక వయొలిన్ అమ్మాయి కళ్ళెత్తి కండక్టర్‌ని చూసింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. నేను దేవుళ్ళందరికీ మొక్కాను, ఎవరికేం మొక్కానో కూడా గుర్తులేదు.

అప్పుడు అక్క కళ్ళు మూసుకుంది. తల కొంచెం కుడివైపు వంచింది. మీటింది.

షడ్జం కాదు. మళ్ళీ ‘మ’.

డేల్ ఒక్క క్షణం తడబడి, ఆ మధ్యమాన్నే అందుకుని, మెల్లగా కిందికి జారి తను చేరవలసిన చోటికి చేరాడు. చెలోలు వచ్చాయి. మిగతాది సాగిపోయింది. చప్పట్లు కూడా గట్టిగానే కొట్టారు. తప్పు జరిగిందని హాల్లో చాలామందికి తెలియనే తెలియదు.

వెనక గదిలోకి మేం వెళ్ళేసరికి అక్క కుర్చీలో కూర్చుని వీణ తీగలు గుడ్డతో తుడుస్తోంది. సెత్సుకో గారు కోప్పడలేదు. స్టేజి భయం ఎవరికైనా ఉంటుంది, మొదటి రిహార్సల్‌లో చేసినదే చేతికి అలవాటుగా వచ్చేసి ఉంటుంది అంది. డేల్ కూడా అదేమంత పెద్ద సంగతి కాదన్నాడు. అంతమంది కలిసి సాకు చేతిలో పెట్టారు. అవునంటే అయిపోయేది. అంటుందనే నేను అనుకున్నాను, అనాలనే కోరుకున్నాను.

అక్క గుడ్డ కింద పెట్టింది. ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. తను మరిచిపోలేదనీ, తన కుడి చెవి పనిచేయదనీ, డేల్ ఊపిరి ఒక్కసారి కూడా వినలేదనీ చెప్పింది. ఇన్ని రిహార్సల్స్‌లో విన్నది నా శాలువా అనీ చెప్పింది. సత్యం గారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆ చెవిలో ఒక స్వరం మోగుతుంటుంది, పగలూ రాత్రీ ఆగదు, వీణ మీద వెతికి చూసుకున్నాను, అది శుద్ధ మధ్యమం అంది. మీరంతా ఆగిపోతే నాకు మిగిలేది అదొక్కటే, అందుకే మీరు ‘మ’ అని రాస్తే మీకు ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను అంది. అక్కడికి ఆవిడ ఇంగ్లీషు అయిపోయింది. కూతురి వైపు తిరిగి తెలుగులో అంది.

“చెప్పవే మైత్రీ ఆవిడకి. నిశ్శబ్దం అన్నది నాకు అయిపోయిందని చెప్పు.”

మైత్రి తల్లి మాటని గురువుకి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. అలవాటుగా, చకచకా మొదలుపెట్టింది. సగంలో తను ఏం చెబుతోందో తనకే వినపడింది. ఆగి తల్లి వైపు తిరిగింది. మిగతా సగం చెప్పనక్కర్లేకపోయింది. బతుకంతా ఖాళీలు రాసిన ఆ పెద్దావిడ ముఖంలో నేను చూసింది జాలి కాదు, భయం. అచ్చం మా అక్కకి ఉన్నటువంటి భయమే. ఆవిడ వచ్చి అక్క పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

పార్కింగ్ లాట్‌లో వీణని నా వ్యాన్‌లో పెట్టాం. సత్యం గారు దాని పక్కన ఎక్కి కూర్చున్నారు. మైత్రిని హాస్టల్‌లో దింపాలి కాబట్టి అక్క తన కారు వైపు నడిచింది. సన్నగా వాన పడుతోంది. ఎడమ చెవి పైన చేయి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంటోంది. నోటితో అనేసింది కదా, అది ఇంకా ఉందా పోయిందా అని.

మైత్రి ఎప్పటిలా కుడివైపు తలుపు దాకా వెళ్ళింది. తలుపు మీద చేయి వేసి, తల్లిని చూసింది. ఏదో అంది. అక్క పలకలేదు. అప్పుడు ఆ పిల్ల కారు ముందునుంచి చుట్టూ తిరిగి డ్రైవర్ వైపుకి వచ్చింది.

“కీస్ నాకు ఇవ్వు అమ్మా. నువ్వు అటు కూర్చో. నేను మళ్ళీ అన్నీ చెప్తాను.”